అసెంబ్లీ మోడల్ చెప్పని 0.05 మి.మీ.

అందరికీ నమస్కారం. ఈ పూట ఒకే ఒక్క హౌసింగ్ (యంత్ర భాగాలను లోపల పట్టి ఉంచే పెట్టె) గురించి, కంప్యూటర్లో దాన్ని కూర్చిన అసెంబ్లీ మోడల్ గురించి మాట్లాడతాను. లోపల షాఫ్టు, రెండు 6205 రకం బేరింగులు, వాటి బయటి రింగుల మధ్య ఎడం ఉంచే స్పేసరు, చివర కవరు. అంతే.

కంప్యూటర్లో దీన్ని కూర్చడం పెద్ద పనేమీ కాదు. విడి భాగానికి ఆరు కదలికలు: మూడు జరగడాలు, మూడు తిరగడాలు. రెండు భాగాల అక్షాలను కలిపే కాన్సెంట్రిక్ మేట్ (మేట్ అంటే భాగాలను జతపరిచే షరతు) ఇస్తే నాలుగు పోతాయి, ముఖానికి ముఖం కలిపితే ఇంకొకటి. మిగిలిన తిరుగుడును షాఫ్టుకు వదిలేయండి. మేట్లు ఫిల్లెట్ (గుండ్రం చేసిన మూల) అంచులకు కాక డేటమ్ ప్లేన్లకు (కొలతలకు ఆధారమైన తలాలకు), అక్షాలకు ఇవ్వండి. రేపు ఎవరైనా ఆ ఫిల్లెట్ తీసేస్తే దాన్ని పట్టుకుని వేలాడే మేట్లన్నీ రాలిపోతాయి.

అసలు గొడవ టాలరెన్సు దగ్గరుంది, అంటే కొలత అటూ ఇటూ ఎంత మారొచ్చో ఇచ్చే వెసులుబాటు దగ్గర. 6205 వెడల్పు 15 మి.మీ., స్పేసరు 40, మొత్తం 70. హౌసింగ్ లోపలి మెట్టు నుంచి కవరు ముఖం దాకా 70.2 పెట్టాం. ఇంటర్‌ఫియరెన్స్ చెక్ (భాగాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకున్న చోటును ఎరుపులో చూపేది) నడిపితే ఎక్కడా ఎరుపు లేదు, 0.2 ఖాళీ. అది చూసేది నామినల్ కొలతల్నే, అంటే టాలరెన్సు కలపని కొలతల్నే మరి! డ్రాయింగులో స్పేసరుకు ±0.1, హౌసింగుకు ±0.15 రాశాం. బేరింగు వెడల్పు 15 దాటదు, 0.12 దాకా తగ్గొచ్చు. హౌసింగ్ 70.05కి దిగి, స్పేసరు 40.1 వచ్చి, బేరింగులు నిండుగా ఉంటే లోపలి పేర్పు 70.1. అంటే 0.05 చోటు చాలదు. కవరు అంచు ఆనదు, బోల్టులు బలవంతంగా బిగిస్తే వంగి ఆయిల్ కారుతుంది. తిట్లు మాత్రం ఫిట్టరుకు. అన్నీ అటు కొసన వస్తే ఖాళీ 0.69 అవుతుంది.

టాలరెన్సులన్నీ బిగించేయడం డబ్బు దండగ. బేరింగు కొని తెచ్చేది, దాని కొలత మన చేతిలో లేదు. హౌసింగ్ లోతు పట్టడం ఖరీదు. స్పేసరు లేతు మీద తిరిగే చిన్న రింగు, దాన్ని ±0.05 చేసి, హౌసింగును 70.25కి మార్చండి. కనిష్ఠ ఖాళీ 0.05, గరిష్ఠం పాత 0.69 లోనే ఉంటుంది.

ఇదే చెక్ ఇంకోచోట లేని గుద్దుడు చూపిస్తుంది. 6.8 రంధ్రంలో ఎం8 బోల్టు పెడితే ప్రతి బోల్టూ ఎరుపే, మరలు మోడల్లో ఉండవు కాబట్టి. బోల్టుల్లాంటి ఫాస్టెనర్లను ముందే పక్కన పెట్టండి, లేకపోతే నిజమైన ఎరుపు వాటిలో కలిసిపోతుంది.

షాఫ్టు సంగతి దీనికి తిరగేసి. 25 షాఫ్టు, 25 బేరింగు బోరు, తెర మీద సున్నా. షాఫ్టును బోరు కన్నా కాస్త లావుగా ఉంచే కె6 ఫిట్‌తో చేస్తే నిజంలో 2 నుంచి 25 మైక్రాన్ల బిగువు. కనిపించని ఆ బిగువు వల్లే ఒకటి మర్చిపోతాం: షాఫ్టు భుజం (బేరింగు ఆనే మెట్టు) లోపలి రింగు కన్నా పొట్టిగా ఉందా, బేరింగును ఊడలాగే పుల్లర్ కాళ్ళకు పట్టు దొరుకుతుందా?