వైజాగ్‌లో 36 అంటే నవ్వకండి

ప్రతి మే నెలా ఇదే గోల. టీవీలో రెంటచింతల 45, విశాఖ 36 అని పడగానే ఎవరో ఒకరు అనేస్తారు, "మీకేంటండీ, సముద్రం గాలి!" అని. ఆ మాటకి నాకు ఒళ్ళు మండుతుంది. అసలే ఉక్క.

మట్టికుండ తీసుకోండి. సన్నటి రంధ్రాల్లోంచి నీరు పైకి ఊరి, ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. అందుకే పల్నాడు పొడిగాలికి కుండనీళ్ళు జిల్లుమంటాయి. అదే కుండని భీమిలిలో పెట్టండి. ఒళ్ళంతా చెమర్చి కూర్చుంటుంది, నీళ్ళు మాత్రం అంతగా చల్లబడవు. గాలి నిండా అప్పటికే తేమ. కొత్త ఆవిరికి చోటేదీ?

మన ఒళ్ళూ ఆ కుండే. చెమట కారితే లాభం లేదు, ఆరాలి.

[స్క్రీన్ మీద: తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు]

థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే చూపించేదే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత. అంటే చెమట ఆరితే ఒళ్ళు మహా అయితే ఎంతవరకు చల్లబడగలదో చెప్పే అంకె. 45 డిగ్రీలు, తేమ 15 శాతం అనుకోండి, వెట్ బల్బ్ సుమారు 24. అదే 36 డిగ్రీలు, తేమ 70 శాతం అయితే సుమారు 31! ఇప్పుడు నవ్వండి చూద్దాం.

వెట్ బల్బ్ 35 దాటి కొన్ని గంటలుంటే ఎంత ఆరోగ్యవంతుడైనా తట్టుకోలేడని 2010లో షెర్వుడ్, హ్యూబర్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అది కాగితం మీది లెక్క. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు మనుషుల మీదే చూశారు. కుర్రవాళ్ళకి ఒంట్లో వేడి చెప్పే చిన్న క్యాప్సూల్ మింగించి, వేడిగదిలో తేలికపాటి పని చేయించారు. 2022లో వచ్చిన ఫలితం: తేమ వేడిలో వెట్ బల్బ్ 31 దగ్గరే ఒంటి ఉష్ణోగ్రత అదుపు తప్పి పెరగడం మొదలైంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళకే! ఇక ముసలివాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి.

అలాగని రెంటచింతల హాయి అని కాదు బాబూ. అక్కడ కుండ చల్లబరుస్తుంది గానీ ఖాళీ అయిపోతుంది. నీళ్ళు, ఉప్పు పోస్తూనే ఉండాలి. పైగా కుండ ఊరే వేగానికీ ఓ హద్దుంది. అందుకే బాగా పొడి వేడిలో ఆ పరిశోధనలోనే హద్దు 25 నుంచి 28 మధ్యకి దిగిపోయింది. ఇందాక 45 డిగ్రీలకి చెప్పుకున్న 24 దానికెంత దూరం? కాబట్టి వెట్ బల్బ్ అంకె ఒక్కటే పట్టుకుని వాదించినా తప్పే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు. భూమేమో వేడెక్కుతూనే ఉంది. అంటే తీరానికి ముందుంది ముసళ్ళ పండగ. వాతావరణ శాఖ వడగాడ్పుల లెక్క మైదానాలకి 40 నుంచి, తీరానికి 37 నుంచి మొదలవుతుంది. తేడా గుర్తించారు, సంతోషం. అహ్మదాబాద్ 2010 వడగాడ్పుల దెబ్బ తిని 2013లోనే హీట్ యాక్షన్ ప్లాన్, అంటే ఎండలు ముదిరితే ఏం చేయాలో ముందే రాసుకున్న ప్రణాళిక, పెట్టుకుంది.

ఆఁ, ఫ్యాను! ఉక్కలో ఫ్యాను పనికొస్తుంది. 45లో ఒళ్ళు పొడిగా ఉంటే వేడిగాలినే ఒంటికి కొడుతుంది. ముందు తడిగుడ్డ కప్పుకోండి, తర్వాత స్విచ్ వేయండి.