వీడియోను మార్చే ముందు లోపల చూడండి: ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో మొదటి అడుగులు

[తెరపై: టీవీ వెనుక పెన్ డ్రైవ్ గుచ్చుతున్న చెయ్యి. టీవీ తెరమీద “ఈ ఫైలును ప్లే చేయడం వీలుకాదు” అన్న సందేశం.]

వ్యాఖ్యానం: పెన్ డ్రైవ్ పెట్టి అందరూ టీవీ ముందు కూర్చున్నాక ఈ సందేశం వస్తుంది. లేదా బొమ్మ వస్తుంది, మాట వినిపించదు. అప్పుడు చాలామంది ఇంటర్నెట్‌లో ఏదో ఒక ఉచిత కన్వర్టర్ వెదుకుతారు. ఇంటి పెళ్లి వీడియోను ముక్కూమొహం తెలియని సర్వరుకు ఎక్కిస్తారు. గంటలు ఎదురుచూసి, చివరికి మసకబారిన బొమ్మను, మూలన ఎవరిదో ముద్రతో సహా దించుకుంటారు. ఇదంతా అక్కరలేదు. మీ కంప్యూటర్‌లోనే, ఇంటర్నెట్ లేకుండా, పైసా ఖర్చు లేకుండా ఆ పని జరుగుతుంది. అందులో సగం సార్లు అసలు వీడియోను మార్చవలసిన అవసరమే ఉండదు. ఈ సంగతి అందరికీ తెలియాలనే ఈ వీడియో చేస్తున్నాను.

[తెరపై: నల్లటి టెర్మినల్, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీ. మెరుస్తున్న కర్సర్.]

వ్యాఖ్యానం: మనం వాడబోయేది ఎఫ్ఎఫ్ఎంపెగ్. వీడియో, ఆడియో ఫైళ్లను ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చే ఉచిత ప్రోగ్రామ్ ఇది. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెలార్ 2000లో దీన్ని మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఎందరో ప్రోగ్రామర్లు దీన్ని పెంచుకుంటూ వచ్చారు. వీఎల్‌సీ ప్లేయర్ చాలా రకాల ఫైళ్లను చదవగలుగుతోందంటే, లోపల పనిచేసేది ఎక్కువగా దీని లైబ్రరీలే. 2021లో కుజగ్రహం మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్, తాను దిగుతుండగా కెమెరాలు తీసిన దృశ్యాలను కుదించడానికి కూడా దీన్నే వాడింది. అంత పనిముట్టు మీకు ఒక్క కమాండు దూరంలో ఉంది. ఉబుంటులో అయితే సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎఫ్ఎఫ్ఎంపెగ్. మ్యాక్‌లో బ్రూ ఇన్‌స్టాల్, విండోస్‌లో వింగెట్ ఇన్‌స్టాల్, తర్వాత అదే పేరు.

దీనితోపాటు మరో రెండు కమాండ్లు కూడా వస్తాయి. చూడడానికి ఎఫ్ఎఫ్‌ప్లే, పరీక్షించడానికి ఎఫ్ఎఫ్‌ప్రోబ్. నన్నడిగితే ఈ మూడింటిలో ముందుగా చేతికి అలవాటు కావలసింది ఎఫ్ఎఫ్‌ప్రోబే.

[తెరపై: ఎఫ్ఎఫ్‌ప్రోబ్, ఖాళీ, పెళ్లి డాట్ ఎంకేవీ. ఎంటర్ నొక్కగానే పది పదిహేను వరుసలు. చివరి రెండు వరుసల మీద పసుపు గీత.]

వ్యాఖ్యానం: పైన వచ్చేదంతా చూసి కంగారు పడకండి. “స్ట్రీమ్” అని మొదలయ్యే వరుసలు చాలు. మొదటిది వీడియో, హెచ్.264 అంటోంది. రెండోది ఆడియో, ఏఏసీ అంటోంది. ఫైలు పేరు చివర ఉన్న ఎంకేవీ మాత్రం ఈ రెండింటిలో ఏదీ కాదు. అది కంటైనర్, అంటే జాడీ. లోపలి బొమ్మ, శబ్దం ఏ పద్ధతిలో కుదించి ఉన్నాయో చెప్పేది కోడెక్, అంటే ఆవకాయ. జాడీలోని ఆవకాయను సీసాలోకి మార్చినా రుచి మారదు. ఈ టీవీకి హెచ్.264 తెలుసు, ఏఏసీ తెలుసు, ఎంకేవీ ఒక్కటే తెలియదు. కాబట్టి ఎంపీ4లోకి మారిస్తే సరిపోతుంది.

[తెరపై: కమాండు ఒక్కో ముక్కగా పడుతుంది. వ్యాఖ్యానంతో కలిసి సాగాలి.]

వ్యాఖ్యానం: ఎఫ్ఎఫ్ఎంపెగ్. హైఫన్ ఐ, పెళ్లి డాట్ ఎంకేవీ. ఇది మనం ఇచ్చే ఫైలు. హైఫన్ సి, కాపీ. అంటే “కోడెక్ జోలికి పోవద్దు, ఉన్నది ఉన్నట్టు తీసుకో” అని. చివర పెళ్లి డాట్ ఎంపీ4, మనకు కావలసిన ఫైలు. ఎంటర్.

[తెరపై: కమాండు పరుగు. కత్తిరించకుండా చూపాలి.]

వ్యాఖ్యానం: అయిపోయింది. రెండు గంటల వీడియో అయినా, మీ డిస్కు ఎంత వేగంగా రాయగలిగితే అంత వేగంగా పూర్తవుతుంది. నాణ్యత ఒక్క చుక్క కూడా తగ్గలేదు, ఎందుకంటే బొమ్మను ఎవరూ విప్పి మళ్లీ కుదించలేదు. ఆన్‌లైన్ కన్వర్టర్లు చాలావరకు ఇక్కడే అన్యాయం చేస్తాయి. అడగకుండానే అంతా విప్పి మళ్లీ కుదిస్తాయి. అలా కుదించిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది, పోయినది ఇక తిరిగి రాదు.

[తెరపై: మరో ఫైలు, ఎంటీఎస్. ఎఫ్ఎఫ్‌ప్రోబ్ ఫలితం.]

వ్యాఖ్యానం: ఇప్పుడు బొమ్మ కనిపించి మాట వినిపించని ఫైలు. ఇది కామ్‌కార్డర్ నుంచి వచ్చింది. వీడియో హెచ్.264, ఆడియో ఏసీ3. చాలా ఫోన్లు ఏసీ3ని పలికించలేవు. తప్పు శబ్దంలో ఉన్నప్పుడు బొమ్మను ముట్టుకోవడం దేనికి? హైఫన్ సి కోలన్ వి, కాపీ. హైఫన్ సి కోలన్ ఏ, ఏఏసీ. వి అంటే వీడియో, ఏ అంటే ఆడియో. హైఫన్ బి కోలన్ ఏ, 192కె అని చేర్చండి. సెకనుకు 192 కిలోబిట్లు స్టీరియోకు ధారాళంగా సరిపోతుంది.

[తెరపై: ఫోనులో తీసిన వీడియో. ఎఫ్ఎఫ్‌ప్రోబ్ ఫలితంలో “హెచ్ఈవీసీ”, “10” అన్న అక్షరాల చుట్టూ ఎర్రటి వలయం.]

వ్యాఖ్యానం: కాపీ పనికిరాని సందర్భం ఇది. కొత్త ఫోన్లు చోటు కలిసివస్తుందని హెచ్ఈవీసీలో తీస్తాయి. దాన్నే హెచ్.265 అంటారు. పాత టీవీకి అది రాదు. ఇక్కడ నిజంగానే విప్పి మళ్లీ కుదించాలి. హైఫన్ సి కోలన్ వి, లిబ్ఎక్స్264. బొమ్మను హెచ్.264లోకి కుదించే పనిముట్టు పేరు అది. హైఫన్ సీఆర్ఎఫ్, 20. ఈ సీఆర్ఎఫ్ గురించి ఒక్క నిమిషం ఆగుదాం. నాణ్యతకు ఇదే మీట. 0 నుంచి 51 వరకు ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ ఫైలు చిన్నదవుతుంది, బొమ్మ పాడవుతుంది. మీరు ఏమీ చెప్పకపోతే 23 తీసుకుంటుంది. 18 దగ్గర అసలుకూ నకలుకూ తేడా కళ్లకు దాదాపు తెలియదు. ఇంటి వీడియోలకు 20 నాకు నచ్చిన అంకె. హైఫన్ ప్రీసెట్, స్లో అని పెడితే సమయం ఎక్కువ పడుతుంది, ఫైలు ఇంకొంచెం తగ్గుతుంది. రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టండి.

ఇంకొక్కటి. ఎర్రటి వలయంలోని 10 అంటే ఇది పది బిట్ల బొమ్మ, అంటే రంగులను మామూలు ఎనిమిదికి బదులు పది బిట్లలో నమోదు చేసినది. అలాగే వదిలేస్తే హెచ్.264లోకి మార్చినా అది పది బిట్లుగానే ఉండిపోతుంది, టీవీ మళ్లీ మొరాయిస్తుంది. హైఫన్ పిక్స్ అండర్‌స్కోర్ ఎఫ్ఎంటీ, యువి420పి, ఇందులో మొదటి అక్షరం ఇంగ్లీషు వై. ఇది చేర్చగానే ఎనిమిది బిట్లకు దిగుతుంది. హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగునీడల తేడాను మరింత ఎక్కువగా పట్టే పద్ధతిలో, తీసిన వీడియో అయితే ఇలా దించినప్పుడు రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. టీవీలో చూడడానికే తీస్తున్నట్లయితే ముందే ఫోనులో హెచ్‌డీఆర్ ఆపి తీయడం మేలు.

[తెరపై: వేదికమీద హరికథ వీడియో. ఎడమవైపు టైమర్.]

వ్యాఖ్యానం: వీడియోలోంచి పాట మాత్రమే కావాలంటే? హైఫన్ విఎన్, అంటే వీడియో వద్దని. హైఫన్ సి కోలన్ ఏ, కాపీ. చివర హరికథ డాట్ ఎం4ఏ. ఇది ఏఏసీ శబ్దాన్ని పెట్టుకునే జాడీ. అలవాటుకొద్దీ ఎంపీ3 అని రాయకండి. లోపల ఏఏసీ ఉన్నప్పుడు దాన్ని ఎంపీ3 చేస్తే మళ్లీ కుదింపు, మళ్లీ నష్టం. దాదాపు ఏ స్మార్ట్‌ఫోనైనా ఎం4ఏను చక్కగా పాడుతుంది.

పన్నెండో నిమిషం నుంచి పదిహేనో నిమిషం దాకా చాలనుకుంటే, హైఫన్ ఎస్ఎస్, 12:00, దాని పక్కనే హైఫన్ టీఓ, 15:00, ఈ రెండూ హైఫన్ ఐకి ముందే రాయండి. శబ్దానికి ఇది సరిగ్గా తెగుతుంది. బొమ్మను కాపీ పద్ధతిలో కోస్తే మాత్రం కొన్ని సెకన్లు ముందునుంచే మొదలు కావచ్చు. వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అక్కడక్కడా ఒక పూర్తి బొమ్మ, మధ్యలో మారినంత మేరకే నమోదు. కాబట్టి కోత పూర్తి బొమ్మ ఉన్న చోటినుంచే మొదలవ్వాలి.

[తెరపై: ఎఫ్ఎఫ్‌ప్లే కిటికీ. కీబోర్డు మీద వేళ్లు.]

వ్యాఖ్యానం: వచ్చినదాన్ని చూడడానికి ఎఫ్ఎఫ్‌ప్లే, ఫైలు పేరు. స్పేస్ నొక్కితే ఆగుతుంది, కుడి ఎడమ బాణాలు పది సెకన్లు, పై కింది బాణాలు ఒక నిమిషం, క్యూ నొక్కితే మూత. రోజూ సినిమాలు, పాటలకైతే ఎంపీవీ అనే ప్లేయర్ వేసుకోండి. అదీ టెర్మినల్ నుంచే నడుస్తుంది. చదరపు బ్రాకెట్లతో వేగం తగ్గుతుంది, పెరుగుతుంది. ఉపన్యాసాలు వినేవారికి ఆ రెండు మీటలు వరం.

[తెరపై: పాత క్యాసెట్. దాని మీద పెన్నుతో రాసిన పేరు. కంప్యూటర్‌కు తీగతో కలిపిన టేప్ రికార్డర్.]

వ్యాఖ్యానం: మన ఇళ్లలో ఇంకా క్యాసెట్లు ఉన్నాయి. బామ్మ పాడిన మంగళహారతులు, ఊళ్లో రికార్డు చేసిన బుర్రకథలు. అమ్మిన క్యాసెట్లకు నకళ్లు ఎక్కడో దొరుకుతాయి, ఇవి మాత్రం ఆ ఒక్క టేపు మీదే ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు నేరుగా ఎంపీ3లోకి వద్దు. వేవ్‌గా, అంటే కుదించని శబ్దంగా, రికార్డు చేయండి. ఫైలు పేరు చివర ఇంగ్లీషులో డబ్ల్యూ, ఏ, వి అని ఉంటుంది. సీడీ నాణ్యతలో అది నిమిషానికి దాదాపు 10 మెగాబైట్లు, గంటకు 600 దాటుతుంది. తర్వాత ఎఫ్ఎఫ్ఎంపెగ్, హైఫన్ ఐ, బామ్మ డాట్ వేవ్, బామ్మ డాట్ ఫ్లాక్. పరిమాణం బాగా తగ్గుతుంది, ధ్వనిలో ఒక్క బిట్టు కూడా పోదు. ఇది దాచుకునే ప్రతి. బంధువులకు పంపడానికి ఆ ఫ్లాక్ నుంచే చిన్న ఎం4ఏ చేసి పంపండి. గరగర శబ్దం తీసే ఫిల్టర్లు కూడా ఆ పంపే ప్రతికే వేయండి. రేపు ఇంతకన్నా మంచి ఫిల్టర్ వస్తే, చెక్కుచెదరని ఫ్లాక్ మీ దగ్గర ఉండాలి.

[తెరపై: టెర్మినల్. కమాండు మెల్లగా పడుతుంది.]

వ్యాఖ్యానం: వేవ్ ఫైలు చెరిపే ముందు ఈ పరీక్ష చేయండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్, హైఫన్ వి, ఎర్రర్. ఇక్కడి వి వీడియో కాదు, “తప్పులు ఉంటేనే చెప్పు” అని. హైఫన్ ఐ, బామ్మ డాట్ ఫ్లాక్. హైఫన్ ఎఫ్, నల్, చివర ఒంటరి హైఫన్. ఇది కొత్త ఫైలేదీ రాయదు. ఉన్నదాన్ని మొదటినుంచి చివరిదాకా విప్పి చూస్తుంది, చెడిన చోటు కనబడితే చెబుతుంది. ఏమీ చెప్పకుండా ముగిస్తే ఫైలు బాగుందన్నమాట. ఒకసారి విని, ఇంకో డిస్కులో మరో ప్రతి పెట్టుకున్నాకే వేవ్‌ను తీసేయండి. క్యాసెట్‌ను మాత్రం పారేయకండి.