తుడవని దుమ్ము: బోడీ ఊరి కథ

అందరికీ నమస్కారం.

కాలిఫోర్నియాలో యోసెమిటీ చూసి, టయోగా కనుమ దిగి, మోనో సరస్సు దగ్గర ఫొటోలు తీసుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు. అక్కడినుంచి గంట ప్రయాణంలో బోడీ ఉంది, జనం వదిలేసి వెళ్లిన పాత బంగారు గనుల ఊరు. చివరి 3 మైళ్లు మట్టిరోడ్డు, కారు గడగడలాడిపోతుంది. అక్కడ తినడానికేమీ దొరకదు, పులిహోర కట్టుకెళ్లండి.

1859లో బోడీ అనే ఆయనకు ఆ కొండల్లో బంగారం కనబడింది. ఆ చలికాలమే మంచుతుఫానులో పోయాడు పాపం. పేరిచ్చాడుగానీ ఊరిని చూడలేదు. ఊరు నిజంగా లేచింది 1870ల చివర్లో. వేలమంది జనం, వీధి పొడవునా సారాకొట్లు, చైనావాళ్లకో పేట. ఖనిజం తగ్గింది, జనం కదిలారు. 1932లో నిప్పంటుకుని చాలామటుకు కాలిపోయింది. మిగిలినవి నూరు పైచిలుకు కట్టడాలు.

1962లో దాన్ని కాలిఫోర్నియా రాష్ట్ర పార్కు చేశారు. అసలు విశేషం ఆ తర్వాతే. వాళ్లు ఊరిని కొత్తగా చెయ్యలేదు. కప్పు కారితే పలక వేస్తారు, గోడ ఒరిగితే ఊతమిస్తారు, అంతే. రంగు ముట్టరు. చాలా ఇళ్లలోకి పోనివ్వరు, కిటికీ అద్దానికి ముఖం ఆనించి చూడాలి. కొట్టు అరల్లో సరుకుల డబ్బాలు. బడి కిటికీలో ఎండకు వెలిసిన గ్లోబు. అన్నిటి మీదా దుమ్ము, దాన్నీ తుడవరు. మనకేమో బాగుచెయ్యడమంటే సున్నం, ఆయిల్ పెయింటు, ఆపైన టైల్సు!

గుట్ట వాలులో ఖనిజాన్ని దంచే స్టాండర్డ్ మిల్లు ఉంది. దానికి 1892లోనే 13 మైళ్ల అవతలి వాగునుంచి కరెంటు తెచ్చారు. కరెంటు మలుపులో తీగ విడిచి దూకుతుందేమోనని స్తంభాలు తిన్నగా పాతారట, ఇది చెప్పుకునే మాట. పదేళ్లకు, 1902లో, కావేరి మీది శివనసముద్రం జలపాతం నుంచి కోలారు బంగారు గనులకూ అలాగే కరెంటు వచ్చింది. మా చిత్తూరు వైపునుంచి ఎందరో ఆ గనుల్లోకి దిగారు. 2001లో అవి మూతపడ్డాయి. అక్కడి బంగళాలూ కూలీ లైన్లూ నిలిచి ఉండగానే ఎవరైనా ఇలా కాపాడుకోకూడదా అనిపిస్తుంది నాకు.

ఇంకొక్క సంగతి. బోడీనుంచి ఏం తీసుకెళ్లినా శాపం తగులుతుందని ప్రచారం. దొంగతనాలు ఆపడానికి అక్కడి రేంజర్లే పుట్టించారంటారు. నమ్మి భయపడి, తీసుకెళ్లిన మేకునో గాజుపెంకునో తిరిగి పంపుతూ క్షమించమని రాసిన ఉత్తరాలు మ్యూజియంలో పెట్టారు. తప్పక చదవండి. చదివాక, కారెక్కేముందు పిల్లల జేబులు ఒకసారి తడిమి చూడండి.