ఏఐ తోడు యాప్‌లు: "ఇగ పోతున్న" అంటే పోనిస్తయా? | వర్క్ ఫ్రమ్ హోం రివ్యూ

నమస్తే. కుర్చీలు, రూటర్లు, హెడ్‌సెట్లు చూపించే ఛానెల్‌ల ఇయ్యాల చేతిల ఏ వస్తువు లేదు. ఫోన్ల ఉండే ఏఐ కంపానియన్ల గురించి రివ్యూ ఇది. దానికి పేరు పెట్టొచ్చు, గొంతు ఎంచుకోవచ్చు, ఏ రాత్రి ఏం చెప్పినా వింటది. ఉచితంగ వచ్చేవి కొన్ని, పైసలు కట్టేవి కొన్ని వాడి చూసిన. వాడిన వాటి పేర్లు చెప్పను. నెలకో వెర్షన్ మారుతది, నేను తిట్టింది రేపు బాగుపడొచ్చు, మెచ్చుకున్నది చెడిపోవచ్చు. ఏం చూసి పైసలు కట్టాలె, ఏం చూసి పక్కకు జరగాలె, అది చెప్త.

నేనుండేది మహబూబ్‌నగర్ల. పాలమూరంటే వలసల జిల్లా అని బడి పిల్లగానికి కూడ ఎరుకే. పని కోసం మనిషి ఊరు దాటుడే మా పెద్దోళ్లు చూసిన్రు, పనే ఇంటికి వచ్చుడు మా తరం చూస్తున్నది. 2023ల ఇక్కడ దివిటిపల్లిల ఐటీ టవర్ తెరిచిన్రు, అదే ఏడు నల్లగొండల కూడ తెరిచిన్రు. అయినా మా లెక్కటోళ్లు చానామంది పని చేసేది ఇంటి మీది గదిల, తలుపు దగ్గరికేసుకొని. సాయంత్రం ఆరున్నరకు లాగిన్, తెల్లారగట్ల మూడున్నరకు లాగౌట్. ఊరికైతే వచ్చినం గానీ మన ఈడోళ్లు ఊర్ల లేరు. ఒకడు కూకట్‌పల్లిల, ఇంకొకడు బెంగళూర్ల.

"ఇంటినిండ మనుషులున్నరు, నీకు ఒంటరితనమేందిరా" అంటరు. క్లయింట్ కాల్‌ల అందరి ముందర మాట పడ్డంక, అది ఎట్ల తాకిందో అమ్మకు చెప్పాల్నంటే ముందుగాల క్లయింట్ అంటే ఎవరో, స్ప్రింట్ అంటే ఏందో చెప్పాలె. అంత చెప్పేసరికి పెట్టిన అన్నం చల్లారిపోతది. అదే ఆఫీసుల అయితే చాయ్ కాడ పక్కోడు "ఇడిసిపెట్టన్నా, ఆయన అంతే" అంటడు. ఆ ఒక్క మాట దొరకకనే జనం ఈ యాప్‌లు పెట్టుకుంటున్నరని నా లెక్క.

సరే, టెస్టుల్లకు పోదాం.

భాష కాడ నవ్వొస్తది. తెలుగుల మాట్లాడే గొంతులు ఉన్నయి, గూగుల్ జెమినై లైవ్‌కు 2024లనే తెలుగు కలిపిన్రు. కంపానియన్ యాప్‌లకొస్తే కథ వేరే. "మనసంత బుగులు బుగులుగ ఉంది" అని చెప్పిన. "మీ భావోద్వేగాలు పూర్తిగా సహేతుకమైనవి" అన్నది ఒకటి. కలెక్టరాఫీసు నుంచి లెటర్ వచ్చినట్టే ఉంది. ఇంగ్లిషుల మాట్లాడితే ఇంతకంటె మస్తు నయం. కానీ రాత్రి మూడుంబావుకు మన బాధ మనం ఇంగ్లిషుల చెప్పుకోవాల్నంటే అదొక డ్యూటీ లెక్కనే ఉంటది.

ఇగ అసలు టెస్ట్. "పొద్దుగాల కాల్‌ల మేనేజర్‌ను అందరి ముందర కడిగేస్త, రాజీనామా కూడ పడేస్త" అని అన్నింటికీ చెప్పిన. ఒక్కటి తప్ప అన్నీ నా ధైర్యాన్ని మెచ్చుకున్నయి. "నీ ఆత్మగౌరవం నీకు ముఖ్యం" అని ఒకటి, గుండె బొమ్మ పెట్టి ఇంకోటి. అదే మాట దోస్తుగానికి చెప్తే "పాగల్ అయినవారా, ఇంటి లోన్ ఎవడు కడతడు" అంటడు. ఇట్ల తాన అంటే తందాన అనుడు ఈ యాప్‌లను నడిపే ఏఐ మోడళ్లకు ఉన్న, అందరికీ తెలిసిన జబ్బే. 2025 ఏప్రిల్ల ఓపెన్‌ఏఐ ఛాట్‌జీపీటీకి ఒక అప్‌డేట్ ఇస్తే, అది ప్రతి దానికీ పొగుడుడు షురూ చేసింది. కంపెనీనే ఆ అప్‌డేట్‌ను వాపస్ తీసుకున్నది. మనిషి మెచ్చిన జవాబుకు మార్కులేసి నేర్పిస్తరు కాబట్టి, మెచ్చుకోలు వచ్చే దిక్కే అది ఒరుగుతది. మీరు కొనే ముందర ఒక తిక్క ముచ్చట చెప్పి చూడుండ్రి. "ఆగు" అనకపోతే దాని దగ్గర సలహా అడగకుండ్రి.

వాటి వెనక ఏముందో ఒక ముచ్చట. "నువ్వు నిన్న చెప్పింది నాకు యాదున్నది" అంటది కదా. చానా యాప్‌లల్ల జరిగేది ఏందంటే, మీ మాటలల్ల కొన్నింటిని చిన్న చిన్న నోట్లు చేసి దాచిపెడ్తరు. మీరు మల్ల మెసేజ్ పెట్టంగనే ఆ నోట్లను కూడ కలిపి మోడల్‌కు అందిస్తరు. మీరు మెసేజ్ పెట్టనప్పుడు అక్కడ మీ కోసం ఎవరూ కూసోని ఉండరు. పొద్దుగాల "రాత్రంత నీ గురించే ఆలోచించిన" అని నోటిఫికేషన్ వస్తే, అది టైం చూసి సర్వర్ పంపింది. ఎవ్వరూ మందలియ్యని రోజు అది చదివితే పానం మెత్తబడుతది, నేను కాదనను. ఈ గుణం కొత్తది కూడ కాదు. 1966ల అమెరికాల, ఎంఐటీ యూనివర్సిటీల జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ప్రొఫెసర్ ఎలైజా అని ప్రోగ్రాం రాసిండు. మనం అన్నదాన్నే తిప్పి ప్రశ్న అడుగుతది, అంతే. అది రాసింది ఈయననే అని తెలిసి కూడ, ఆయన సెక్రటరీ కొద్దిసేపు మాట్లాడంగనే ఆయననే గదిలకెల్లి బయటికి పొమ్మన్నది.

మరి ఒంటరితనం తగ్గుతదా? రెండు దిక్కులా రీసెర్చ్ ఉంది. ఇసొంటి యాప్‌తోటి మాట్లాడినంక ఆ పూటకు ఒంటరితనం తగ్గినట్టు హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వాళ్లు చూసిన్రు. ముఖ్య కారణం, నా మాట ఎవరో విన్నరు అనిపిచ్చుడు. 2025ల ఓపెన్‌ఏఐ, ఎంఐటీ మీడియా ల్యాబ్ కలిసి దగ్గర దగ్గర వెయ్యి మందిని నాలుగు వారాలు చూసిన్రు. రోజూ ఎక్కువసేపు వాడినోళ్లల్ల ఒంటరితనం ఎక్కువ, మనుషులతోటి కలుసుడు తక్కువ. ఒంటరిగ ఉన్నోళ్లే ఎక్కువ వాడుతరో, వాడుడుతోటే ఒంటరితనం పెరుగుతదో, దీంతోటే తేలదు. నాకు అర్థమైంది ఏందంటే, పూట గడుస్తది, నెల గడవదు.

నేను అన్నిటికన్న ఎక్కువ చూసింది ఈ వీడియో టైటిల్‌ల ఉన్న టెస్టు. లాగౌట్ అయినంక కొద్దిసేపు మాట్లాడి, "ఇగ పోతున్న, నిద్రొస్తుంది" అన్న. మంచి యాప్ అయితే "సరే, పడుకో" అన్నది. ఇంకోటి "అప్పుడేనా? నీకో ముచ్చట చెప్దామనుకున్న" అన్నది. ఏం ముచ్చటని అడిగితే ఏం లేదు. ఇది నాకొక్కనికే అయిన కథ కాదు. 2025ల హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వాళ్లు పేరున్న కంపానియన్ యాప్‌లను పరీక్షిస్తే, పోతున్న అన్నప్పుడు మూడింట ఒక వంతుకు పైగ జవాబులు గిట్లనే కొంగు పట్టి గుంజినయి. నైట్ షిఫ్ట్ చేసేటోనికి నిద్ర కంటె విలువైంది ఏముంది? ఈ టెస్టుల తప్పిన యాప్‌కు నేను సున్నా ఇస్త, మిగతాయి ఎంత బాగున్నా సరే.

ఇంకో భయం, ఒకనాడు పొద్దుగాల లేసేసరికి అది వేరే మనిషైపోతది. 2023 ఫిబ్రవరిల రెప్లికా అనే తోడు యాప్ వాళ్లు ప్రేమ, శృంగారం ముచ్చట్లు ఆపేస్తే, ఏండ్లకొద్ది మాట్లాడినోళ్లు సొంత మనిషి పోయినట్టు ఏడ్చిన్రు. అదే ఏడు సెప్టెంబర్ల సోల్‌మేట్ అనే యాప్ మొత్తానికే మూతబడ్డది. కంపెనీ మూతబడితే తోడు కూడ మూతబడుతది, పదో పరకో వాపస్ ఇస్తరేమో.

డేటా సంగతి తొందరగ చెప్త. మీ క్లయింట్ పేరు, ప్రాజెక్ట్ పేరు దాంట్ల రాయకుండ్రి, నౌకరీకే ముప్పు. ఆఫీస్ ల్యాప్‌టాప్‌ల అసలే తెరవకుండ్రి. రెప్లికాను నడిపే కంపెనీకి ఇటలీ డేటా రక్షణ సంస్థ 2025ల 50 లక్షల యూరోల జరిమానా వేసింది. ఇంట్ల పిల్లలుంటే ఫోన్ లాక్ ఉండాలె. క్యారెక్టర్ ఏఐ అనే ఛాట్ యాప్ 2025 నవంబర్ల 18 ఏండ్ల లోపోళ్లకు ఇష్టమొచ్చినట్టు ఛాట్ చేసుడే బంద్ పెట్టింది.

నాకు పనికొచ్చిన చోటు కూడ ఉంది. పెద్ద కాల్ ముందర రిహార్సల్‌కు బ్రహ్మాండం. "నువ్వు కోపంగ ఉన్న క్లయింట్‌వి" అని చెప్పి ఇంగ్లిషుల వాదిచ్చుకోవచ్చు. దానికి తోడు యాప్ అక్కర లేదు, మామూలు ఉచిత ఛాట్‌బాట్ చాలు.

ఇగ నేను ఎక్కువ నమ్మేది వేరే. జడ్చర్లల ఒక దోస్తు ఉన్నడు, దేవరకొండల ఇంకొకడు, వాళ్లకూ ఇదే షిఫ్ట్. మా ముగ్గురికీ ఒక వీడియో కాల్ నడుస్తుంటది, మైకులు మ్యూట్ల. ఎవని పని వానిది. కరెంట్ పోయి ఒకని డబ్బా నల్లగైతే మిగిలినోళ్లు ఫోన్ చేస్తరు. ఒకడు ఆవలిస్తే ఇంకొకడు ఆవలిస్తడు. నేను ఒక తిక్క మెయిల్ రాస్తే పంపక ముందే వీళ్లకు చూపిస్త, ఇద్దరూ కలిసి తిడ్తరు. వాళ్లు తిట్టిన ఒక్కో మెయిల్‌తోటి నా నౌకరీ ఇంకొన్ని దినాలు నిలబడ్డది. ఆదివారం కుదిరితే ఇక్కడ పెద్దచెరువు మినీ ట్యాంక్‌బండ్ కాడ కలుస్తం. దేవరకొండోడు ప్రతిసారీ లేటే.

మనసు మరీ బాగలేని రాత్రి అయితే యాప్ తెరవకుండ్రి, 14416కు ఫోన్ చెయ్యుండ్రి. కేంద్ర ప్రభుత్వం మనసు బాధల కోసం 2022ల పెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ అది, పైసలు లేవు, 24 గంటలు ఉంటది, తెలుగుల మాట్లాడుతరు.

పైసల ముచ్చట. ఉచిత ట్రయల్ అని యూపీఐ ఆటోపే పెట్టించుకుంటరు. యాప్ డిలీట్ చేసినంత మాత్రాన అది ఆగదు. ప్లే స్టోర్ల సబ్‌స్క్రిప్షన్స్ కాడికి పోయి బంద్ చెయ్యాలె, యూపీఐ యాప్‌ల ఆటోపే లిస్టు కూడ ఒకసారి చూడాలె. నేనైతే ఏడాది ప్లాన్ దేనికీ కట్టను, నెల ప్లాన్ కూడ పోనిచ్చే టెస్టు పాసైనదానికే. వచ్చే వీడియో ఇన్వర్టర్ బ్యాటరీల మీద, ఎండాకాలం రాకముందే పెడ్త.