నాలుగు రంగుల చెక్కముక్క: రాబర్ట్ ఓవెన్ మిల్లు కథ

[తెర మీద: అరచేతిలో చిన్న చెక్కముక్క, నెమ్మదిగా తిప్పుతూ]

నమస్కారం. నా చేతిలో ఉన్నది నమూనా మాత్రమే. అసలుది పొడవు రెండంగుళాలు, వెడల్పు ఒక అంగుళం ఉండేది. నాలుగు పక్కలా నాలుగు రంగులు: నలుపు, నీలం, పసుపు, తెలుపు. రెండు వందల ఏళ్ల కిందట స్కాట్లాండ్‌లో న్యూ లానార్క్ అనే ఊళ్లో, ఒక నూలు మిల్లులో, పనిచేసే ప్రతి ఒక్కరి దగ్గరా కొక్కేనికి ఇలాంటిదొకటి వేలాడేది. నిన్న పని బాగా చేస్తే ఇవాళ తెలుపు ముందుకు తిరిగి ఉంటుంది. బాగా చెయ్యకపోతే నలుపు.

యజమాని షెడ్డులో నడుచుకుంటూ వెళ్తూ ఆ రంగు వైపు చూసేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. మేస్త్రీ తనకు అన్యాయంగా రంగు వేశాడని పనివాడికి అనిపిస్తే, నేరుగా యజమాని దగ్గరికే వెళ్లి చెప్పుకోవచ్చు. పనివాళ్లను కొట్టడం, తిట్టడం మామూలైపోయిన కాలమది. ఈ మిల్లులో దెబ్బకు బదులు ఈ చెక్క వచ్చింది.

ఆ యజమాని పేరు రాబర్ట్ ఓవెన్.

[తెర మీద: వేల్స్ మ్యాప్, న్యూటౌన్ దగ్గర చుక్క]

1771లో వేల్స్‌లోని న్యూటౌన్‌లో పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు, ఇనుప సామాను అమ్మేవాడు. పదేళ్లకే బడి అయిపోయింది. బట్టల కొట్లో పనికి కుదిరాడు. ఏ గుడ్డ ఎంత నాణ్యమైనదో వేళ్లతో పట్టి చెప్పడం అక్కడే నేర్చుకున్నాడు. తర్వాత మాంచెస్టర్ చేరి, అన్న దగ్గర 100 పౌండ్లు అప్పు తీసుకుని నూలు వడికే యంత్రాలు తయారుచేసే వ్యాపారం మొదలుపెట్టాడు. ఇరవై దాటీ దాటకముందే సుమారు 500 మంది పనిచేసే మిల్లుకు మేనేజర్ అయ్యాడు. వ్యాపారం ఆయనకు బాగా తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం.

1799లో భాగస్వాములతో కలిసి న్యూ లానార్క్ మిల్లుల్ని 60,000 పౌండ్లకు కొన్నాడు. అమ్మినాయన డేవిడ్ డేల్. అదే ఏడాది డేల్ కూతురు కెరొలైన్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1800 జనవరి 1న మిల్లు బాధ్యత చేతికి తీసుకున్నాడు.

[తెర మీద: క్లైడ్ నది, లోయలో రాతి మిల్లులు]

క్లైడ్ నది నీటి ఉరవడితో తిరిగే మిల్లులవి. పనివాళ్లలో సుమారు 500 మంది పిల్లలు. గ్లాస్గో, ఎడిన్‌బరో అనాథశాలల నుంచి తెచ్చినవాళ్లు. కొందరికి ఆరేడేళ్లు మించవు. డేల్ చెడ్డవాడేం కాదు. వాళ్లకు మంచి తిండి పెట్టాడు, బట్టలిచ్చాడు, రాత్రి బడి కూడా నడిపాడు. కానీ పొద్దున ఆరింటికి మిల్లులోకి వెళ్లి సాయంత్రం ఏడింటికి బయటికొచ్చిన పిల్లకు అక్షరాలేం ఎక్కుతాయి? పలక ముందు కూర్చుంటే కళ్లు మూసుకుపోయేవి. ఓవెన్ ఇక అలాంటి పిల్లల్ని తేవడం మానేశాడు. పదేళ్లు నిండనివాళ్లను పనిలోకి తీసుకోనన్నాడు.

మొదట్లో ఊరివాళ్లు ఆయన్ని నమ్మలేదు. ఎక్కడో వేల్స్ నుంచి వచ్చినవాడు, మాట యాస వేరు, కొత్త రూల్స్ పెడుతున్నాడు. మన దగ్గర మరింత పని పిండుకోవడానికే ఇదంతా అనుకున్నారు. ఆ అనుమానం న్యాయమైనదే అని నేనంటాను. ఆ కాలపు మిల్లు యజమానులు చాలామంది అలాంటివాళ్లే.

ఆ అనుమానం ఒక కష్టకాలంలో తీరింది. ఓవెన్ వచ్చి పదేళ్లు కాకముందే అమెరికా విదేశాలకు ఎగుమతులు ఆపేసింది. పత్తి ధర ఆకాశాన్నంటింది. మిల్లులు మూతపడ్డాయి, పనివాళ్లు రోడ్డున పడ్డారు. న్యూ లానార్క్‌లోనూ యంత్రాలు ఆగిపోయాయి. ఒక రోజు, ఒక వారం కాదు, నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ ఓవెన్ అందరికీ పూర్తి జీతం ఇచ్చాడు. యంత్రాలు తుప్పు పట్టకుండా శుభ్రం చేసి ఉంచండి, అంతే పని అన్నాడు. ఒక్క పెన్నీ కోత పెట్టలేదు. మొత్తం 7,000 పౌండ్లకు పైనే అయింది. యంత్రాలు మళ్లీ తిరిగే నాటికి ఊరు ఊరంతా ఆయన వైపు ఉంది.

[తెర మీద: సరుకుల కొట్టు, తూకం]

కొట్టు సంగతి కూడా చెప్పాలి. మిల్లు ఊళ్లలో వ్యాపారులు నాసిరకం సరుకు అరువుకిచ్చి, డబ్బులు మాత్రం ఎక్కువ రాసుకునేవారు. జీతం రాకముందే అప్పులోకి పోయేది. ఓవెన్ మంచి సరుకు టోకున కొని, కొన్న ధరకు కాస్తే కలిపి అమ్మించాడు. మిగిలిన లాభం పిల్లల బడికి పోయేది. తర్వాత 1844లో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో పనివాళ్లు సొంతంగా సహకార దుకాణం పెట్టినప్పుడు ఓవెన్ ఆలోచనలే వాళ్లకు దారి చూపాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ బడి.

1816 జనవరి 1న తెరిచారు. నడక వచ్చిన పిల్లల దగ్గర్నుంచి చేర్చుకున్నారు. చిన్నపిల్లల తరగతికి ఓవెన్ ఎంచుకున్న పంతులు ఎవరో తెలుసా? జేమ్స్ బుకానన్ అనే నేతగాడు. చదవడం, రాయడం అంతంతమాత్రం. కానీ పిల్లలంటే ప్రాణం, ఓపిక ఎక్కువ. ఆయనకు తోడు మిల్లులో పనిచేసే పదిహేడేళ్ల అమ్మాయి మాలీ యంగ్. ఇద్దరికీ ఓవెన్ పెట్టిన షరతు ఒకటే: ఏ పిల్లనూ ఎప్పుడూ కొట్టకూడదు, బెదిరించకూడదు, మాట మెత్తగా ఉండాలి. గోడల నిండా జంతువుల బొమ్మలు, మ్యాపులు. పిల్ల దేని గురించి అడిగితే దాని గురించే పాఠం. కాస్త పెద్ద పిల్లలకు పాటలు, డాన్సు. చూడ్డానికి దూరదేశాల నుంచి కూడా జనం వచ్చేవారు.

బడి తెరవకముందే, ఈ ఆలోచనలేవీ పాత భాగస్వాములకు నచ్చలేదు. మిల్లు లాభాలు తెస్తూనే ఉంది, అయినా బడికి ఇంత ఖర్చేమిటన్నారు. 1813లో గొడవ ముదిరి మిల్లు వేలానికొచ్చింది. ఓవెన్‌ను బయటికి పంపేద్దామని వాళ్ల లెక్క. ఆయన అప్పటికే తత్వవేత్త జెరెమీ బెంథామ్, క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన విలియం ఆలెన్ వంటివాళ్లను కొత్త భాగస్వాములుగా కూడగట్టుకున్నాడు. పెట్టుబడి మీద ఏడాదికి 5 శాతం చాలు, మిగతాది ఊరి మంచికే అని ఒప్పందం. 1,14,100 పౌండ్లకు మిల్లు ఓవెన్ పక్షానికే దక్కింది. ఆయన తిరిగొచ్చిన రోజు ఊరివాళ్లు ఎదురెళ్లి, బండి గుర్రాలు విప్పేసి, తామే లాక్కుంటూ ఊళ్లోకి తెచ్చారు.

[తెర మీద: పత్తి మూటలు, ఓడ]

ఒక విషయం దాచకూడదు. ఆ మిల్లుకొచ్చిన పత్తిలో చాలా భాగం అమెరికాలో బానిసల చేత పండించినదే. క్లైడ్ ఒడ్డున పిల్లల్ని కొట్టొద్దన్న మనిషి మిల్లు ఆ పత్తి మీదే నడిచింది. ఓవెన్‌ను ఎంత ప్రేమించినా నేను దీన్ని పక్కన పెట్టలేను. ఇళ్లు శుభ్రంగా ఉన్నాయా లేదా అని తనిఖీలు పెట్టించడం కూడా ఊరి ఆడవాళ్లకు ఒళ్లు మండించింది. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది.

తన ఒక్క మిల్లు బాగుపడితే చాలదని ఓవెన్‌కు తెలుసు. 1815లో చట్టం కోసం పూనుకున్నాడు. పదేళ్లలోపు పిల్లల్ని మిల్లుల్లో పెట్టకూడదు, ఆపై వయసు పిల్లల పని పదిన్నర గంటలు మించకూడదు అన్నాడు. మిగతా మిల్లు యజమానులు మండిపడ్డారు. నాలుగేళ్లు నలిగి నలిగి 1819లో వచ్చిన చట్టం వయసును తొమ్మిదికి దించింది, పిల్లల పనిని పన్నెండు గంటలకు పెంచింది. అదీ నూలు మిల్లులకు మాత్రమే. తనిఖీకి ఇన్‌స్పెక్టర్లు లేరు. ఓవెన్ చాలా బాధపడ్డాడు.

1825లో అమెరికాలోని ఇండియానాలో న్యూ హార్మనీ అనే ఊరు కొని, అందరూ సమానంగా బతికే సమాజం కడదామనుకున్నాడు. రెండు, మూడేళ్లలో అది చెదిరిపోయింది. ఆస్తిలో ఎక్కువ భాగం అక్కడే పోయింది. ఇటు న్యూ లానార్క్‌లో, బడిలో డాన్సులేమిటని ఆలెన్‌తో పేచీలు వచ్చి మిల్లు నుంచీ తప్పుకున్నాడు. తర్వాతి ముప్ఫై ఏళ్లు కార్మిక సంఘాల కోసం, సహకార సంఘాల కోసం తిరుగుతూ, రాస్తూ, మాట్లాడుతూ గడిపాడు.

1858లో చివరి రోజులకు న్యూటౌన్ చేరుకున్నాడు. పుట్టిన ఊళ్లోనే నవంబర్ 17న కన్నుమూశాడు.

[తెర మీద: ఖాళీ తరగతి గది, కిటికీలోంచి నది]

న్యూ లానార్క్‌లో యంత్రాలు 1968 దాకా తిరిగాయి. 2001లో ఆ ఊరిని యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. మిల్లులతో పాటు బడి కూడా నిలిచే ఉంది. వెళ్లినవాళ్లు లోపలికెళ్లి చూడొచ్చు.