వాల్వ్ తిప్పడానికి స్టెప్పరా, సర్వోనా?

అందరికీ నమస్కారం. ఇక్కడ మెయింటెనెన్స్ వాళ్ళే ఎక్కువమంది ఉన్నారు కాబట్టి థియరీ జోలికి పోకుండా నేరుగా ఒక బాల్ వాల్వ్ దగ్గర మొదలుపెడతాను. స్టెప్పర్ అంటే పల్సుకి ఒక స్టెప్పు చొప్పున తిరిగే మోటార్, సర్వో అంటే తను ఎక్కడుందో కొలుచుకుంటూ తిరిగే మోటార్, అంతవరకు గుర్తుంటే చాలు.

బాల్ వాల్వ్ 90 డిగ్రీలు తిరిగితే దాని పని అయిపోయినట్టే, కానీ నెల రోజులు మూసి ఉంచినదాన్ని మొదటిసారి కదపాలంటే ఎంత బలం పెట్టాలో చేత్తో లివర్ పట్టుకున్నవాళ్ళకి తెలుసు, సీటుకి అతుక్కుపోయినట్టు ఉంటుంది, ఒక్కసారి కదిలిందంటే ఇక తేలిగ్గా వచ్చేస్తుంది. ఆ మొదటి తిప్పే బలాన్నే బ్రేకవే టార్క్ అంటాం.

అది 40 న్యూటన్ మీటర్లు అనుకోండి. మోటార్ 50 చుట్లు తిరిగితే వాల్వ్ ఒక చుట్టు తిరిగే 50:1 వర్మ్ గేర్ (స్క్రూ లాంటి గేర్) పెడితే రాపిడికి సగం పైనే పోతుంది, 40 శాతం మిగిలిందనుకుంటే మోటార్ షాఫ్ట్ దగ్గర 2 న్యూటన్ మీటర్లు కావాలి. వాల్వ్ పూర్తిగా తెరవడానికి మోటార్ 12.5 చుట్లు తిరగాలి, స్టెప్పుకి 1.8 డిగ్రీలు తిరిగే స్టెప్పర్‌కి అది 2500 స్టెప్పులు, 5 సెకన్లలో అంటే 150 ఆర్‌పీఎం. స్టెప్పర్ బలమంతా ఇలాంటి తక్కువ స్పీడులోనే ఉంటుంది కాబట్టి హాయిగా లాగుతుంది, రేటు కూడా తక్కువ. కానీ 2 కావాలి కదా అని 2 ఉన్నది కొనకండి, కనీసం డబుల్ తీసుకోండి.

ఎందుకంటే, ఒక ప్లాంట్‌లో మేం పెట్టిన స్టెప్పర్ లాంగ్ షట్‌డౌన్ తర్వాత బిగుసుకుపోయిన వాల్వ్‌ని కదపలేక గుర్రుమని వణికి ఆగిపోయింది, పీఎల్‌సీ (మోటార్‌కి ఆర్డర్లిచ్చే కంట్రోల్ కంప్యూటర్) మాత్రం 2500 పల్సులూ పంపేసింది కాబట్టి స్క్రీన్ మీద ‘ఓపెన్’ అని పచ్చగా వెలుగుతోంది, పైపులో చుక్క కదల్లేదు. ఆపరేటర్ ప్రెషర్ గేజ్ చూసి పంపు ఆపాడు కాబట్టి సరిపోయింది. స్టెప్పులు పోయిన సంగతి ఓపెన్ లూప్, అంటే నిజంగా తిరిగిందో లేదో చూసుకోని, స్టెప్పర్‌కి తెలీదు, అదే నాకు అన్నిటికంటే భయం.

సర్వో అయితే చెప్పిన చోటికి రాకపోతే అలారం కొట్టి ఆగుతుంది, పైగా కాసేపు రేటెడ్ టార్క్‌కి (ఆగకుండా ఇవ్వగలిగే టార్క్‌కి) దాదాపు మూడు రెట్లు ఇస్తుంది, బ్రేకవేకి అది బాగా పనికొస్తుంది. రోజంతా ఫ్లో కొంచెం కొంచెం సర్దుతూ ఉండాలంటే, లోడ్ మారుతూ ఉంటే సర్వోనే పెట్టండి. కానీ దాని ఎన్‌కోడర్, అంటే ఎంత తిరిగిందో కొలిచేది, మోటార్ వెనకాల ఉంటుంది, వాల్వ్ స్టెమ్ (వాల్వ్‌ని తిప్పే కడ్డీ) దగ్గర దాన్ని గేర్‌కి కలిపే కీ తెగిపోయిందంటే మోటార్ చక్కగా తిరుగుతుంది, మోటార్‌ని నడిపే డ్రైవ్ మాత్రం ‘అంతా బాగుంది’ అంటుంది, వాల్వ్ ఉన్నచోటే ఉంటుంది. అందుకే ఏ మోటార్ అయినా సరే స్టెమ్ మీదే పొజిషన్ సెన్సర్ పెట్టమంటాను. అది ఉంటే రోజుకి నాలుగుసార్లు తెరిచి మూసే వాల్వ్‌కి స్టెప్పరే చాలు.

ఇంకో మాట, స్టెప్పర్ కదలకుండా నిలబడి ఉన్నా కరెంట్ తాగుతూ వేడెక్కిపోతుంటుంది. వర్మ్ గేర్ వాల్వ్ వైపు నుంచి తిప్పితే తిరగదు, ఎలాగూ వాల్వ్‌ని పట్టుకుంటుంది కాబట్టి డ్రైవ్‌లో ఐడిల్ కరెంట్ తగ్గించేయండి.

అయితే అదే వర్మ్ ఇంకోచోట దెబ్బకొడుతుంది. కరెంట్ పోతే వాల్వ్ దానంతటదే మూసుకోవాలన్న చోట స్ప్రింగ్ పెట్టి, మధ్యలో ఈ గేర్ కూడా పెట్టారంటే, స్ప్రింగ్ ఎంత గట్టిదైనా వెనక్కి తిప్పలేదు. అక్కడ క్లచ్ అన్నా ఉండాలి, మోటార్‌ని ఆ ఒక్కసారి తిప్పడానికి బ్యాటరీ బ్యాకప్ అన్నా ఉండాలి.