కడుపుతో ఉన్నప్పుడు ఫ్లూ వస్తే...

శ్రోతలందరికీ నమస్కారం. నెలలు నిండిన అమ్మాయి రెండు మెట్లెక్కి రొప్పితే "ఈ టైంలో ఆయాసం మామూలేలే" అంటాం. చాలాసార్లు నిజమే. కానీ జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులతో పాటు ఆయాసం ఉంటే మాత్రం ఆ మాట అనకండి.

2009లో స్వైన్ ఫ్లూ గుర్తుందా? మన దేశంలో తొలి కేసు ఆ మే నెలలో హైదరాబాద్‌లోనే బయటపడింది. అప్పట్లో అమెరికా జనాభాలో గర్భిణులు నూటికి ఒక్కరైతే, ఆ జబ్బుతో చనిపోయినవారిలో నూటికి ఐదుగురు. పెరిగే గర్భసంచి ఊపిరితిత్తుల కిందుండే డయాఫ్రమ్ అనే కండరాన్ని పైకి నెడుతుంది, ఊపిరితిత్తుల్లో గాలి నిల్వ తగ్గుతుంది, ఒంటికి ఆక్సిజన్ మాత్రం ఇంకా ఎక్కువ కావాలి. అందుకే నిమోనియా చేరితే పరిస్థితి చాలా త్వరగా చేయి దాటుతుంది.

ఫ్లూకి ఒసెల్టామివిర్ అనే మందుంది, టామీఫ్లూ అంటే మీకు తెలుస్తుంది. మామూలుగా 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు, అదీ డాక్టరు రాస్తేనే. మొదటి 48 గంటల్లో మొదలైతే మేలు, రిపోర్టు కోసం ఆగక్కర్లేదు. బిడ్డకేమవుతుందోనని చాలామంది ఈ మందు మానేస్తారు, అసలు ప్రమాదం మానేయడంలోనే ఉంది. జ్వరానికి పారాసెటమాల్ చాలు, ఐబుప్రొఫెన్ వద్దు.

పల్స్ ఆక్సీమీటర్‌లో 95 కంటే తగ్గినా, మాట మధ్యలో ఊపిరి అందకపోయినా, బిడ్డ కదలికలు తగ్గినా 108కి ఫోన్ చేయండి. ఐసీయూ, కాన్పుల డాక్టరు రెండూ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. అక్కడ ఛాతీ ఎక్స్‌రే అంటే అడ్డుపడకండి, దాని రేడియేషన్ చాలా తక్కువ. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కూడా చూస్తారు. మనకు 40 నార్మల్, గర్భిణికి 30 దగ్గర ఉండాలి, అంటే ఆమెకు 40 వచ్చిందంటే ఊపిరి తీసి తీసి అలసిపోతోందన్నమాట, వెంటిలేటర్ గురించి ఆలోచించాల్సిన వేళ అది.

ఇక ఐసీయూ బయట ప్రతి కుటుంబమూ అడిగేది, "ఆపరేషన్ చేసి బిడ్డను తీసేస్తే తల్లికి ఊపిరాడుతుందా?" అని. ఆడుతుందన్న గ్యారంటీ లేదండీ. కొందరికి కాస్త తేలికవుతుంది, కొందరికి ఆ ఆపరేషనే అదనపు భారం. ఎన్ని వారాలు నిండాయి, ఇద్దరి పరిస్థితి ఏంటి అని చూసి డాక్టర్లు తేల్చాల్సిందే, మనం టెన్షన్‌లో ఒత్తిడి పెట్టకూడదు.

ఫ్లూ టీకా గర్భం ఏ నెలలో ఉన్నా వేయించుకోవచ్చు, ఇంజెక్షన్ మాత్రమే, ముక్కులో కొట్టే స్ప్రే కాదు. ఆరు నెలల్లోపు పిల్లలకు ఈ టీకా వేయరు కాబట్టి, వాళ్లకు దొరికేది తల్లి నుంచి వచ్చే రక్షణే.